పగలు కనాల్సిన కల

ఉడుకుతున్న చెనిక్కాయల గుండిగలోకి ఈరక్క చెయ్యి జారిపోయింది.

పెనుకొండ బస్టాండు బయట, పట్టపగలు, వేరుశనగకాయల బేరానికి కూర్చున్నచోటే కునుకుపట్టి ఆమె చెయ్యి కాల్చుకోవడం అది రెండోసారి.

ఎదురుగా టీ కొట్టు దగ్గర పొద్దుటి నుంచి కూర్చునివున్న పెద్దాయన ఒకడు పరుగెత్తుకొచ్చాడు. బిందెలోని చన్నీళ్లు ఆమె చేతిమీద పోశాడు. మందుల షాపుకు పోయి మలాం తెచ్చి తనే రాశాడు.

"రాత్రుళ్లు నిద్రపోవా తల్లీ?" అన్నాడు.

"నిద్రంటేనే భయం సారూ."

ఆయన పేరు గంగాధరప్ప అట. ధర్మవరంలో నీళ్ల ట్యాంకు వెనక మగ్గాల వీధిలో ఇల్లట. ఉతికిన తెల్ల చొక్కా, జేబులో పెన్ను, నిదానమైన మాట చూసి, బడి చెప్పి రిటైరైన అయివారు కాబోలనుకుంది ఈరక్క.

అయినవాళ్లకు చెప్పుకోలేనిది, ముక్కూ మొహం తెలియని ఆ మనిషికి చెప్పేసింది.

రెండేళ్ల కిందట ఆమె మొగుడు కుళ్లాయప్ప గొర్రెలు తోలుకొని పోయి, పట్టాలెక్కిన గొర్రెపిల్లను పట్టుకోబోయి రైలు కింద పడ్డాడు. ఈరక్క అది కంటితో చూడలేదు. చూడనిదంతా ప్రతి రాత్రీ కలలో చూస్తోంది. పట్టాల మీద మొగుడి వీపు కనిపిస్తుంది. పిలుద్దామంటే గొంతు పెగలదు. రైలు వచ్చేస్తుంది.

ఆ డ్రైవరు చేతులు పడిపోవాలని గుళ్లో మొక్కుకున్నానని కూడా చెప్పింది.

ఆయన తల ఊపాడు. తనకూ నిద్రపట్టని జబ్బే ఉందని, బెంగళూరులో ఒక డాక్టరు ఉపాయం చెప్పాడని అన్నాడు.

రాత్రి వచ్చే కలను పగలే మార్చుకోవాలట. మధ్యాహ్నం బేరం లేని వేళ, కళ్లు తెరుచుకునే ఆ పట్టాలను తలచుకోవాలి. కుళ్లాయప్పను పిలవాలి. అతను వెనక్కి తిరగాలి. రోజూ అదే తీరున, ఏదీ మార్చకుండా తలచుకోవాలి. నడుమ నడుమ తన చేతిని తాను చూసుకొని, ఇది కలా మెలకువా అని ప్రశ్నించుకోవాలి. పగలు అలవాటైన ప్రశ్న ఏదో ఒక రాత్రి కలలోకీ వస్తుంది. కలలో ఉండగానే అది కల అని తెలిసిపోతే, ఆ తర్వాత అది మన మాట వింటుంది.

"నీకు తగ్గిందా సారూ?"

"ఇంకా లేదు. ముందు నీకు తగ్గనీలే."

అప్పటి నుంచి వారానికి మూడు నాలుగు సార్లు వచ్చేవాడు. ఆమెకు కాస్త ఎడంగా రాతిమీద కూర్చునేవాడు. ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ ఉండేవాళ్లు. ఆమె తన పట్టాలను తలచుకునేది. ఆయన ఏం తలచుకునేవాడో ఎన్నడూ చెప్పలేదు, ఆమె అడగలేదు.

నెల గడిచింది. కల మారలేదు కానీ నలుగురి నోళ్లూ లేచాయి. మొగుడు పోయినదాని పక్కన పరాయి మగవాడు గంటలకొద్దీ కూర్చుంటే జనం ఏమనుకుంటారని పూలమ్మే యశోదమ్మ చెవిలో వేసింది. హిందూపురం నుంచి కూతురు రేఖ ఫోను చేసి, అత్తగారింట్లో తలెత్తుకోలేకపోతున్నానని ఏడ్చింది.

మర్నాడు ఆయన బస్సు దిగి రాగానే ఈరక్క లేచి నిలబడింది.

"ఇంక ఈడికి రావద్దు సారూ. నువ్వు చెప్పిండేది నాకేం పనిచెయ్యలేదు. ఊర్లో నా మర్యాద పోతాండాది."

ఆయన చుట్టూ చూశాడు. యశోదమ్మ పూలు కట్టడం ఆపి ఇటే చూస్తోంది.

"తలచుకునేది మాత్రం ఆపొద్దు తల్లీ," అన్నాడు. ఆ ఎండలోనే తిరుగు బస్సు కోసం రోడ్డు దాటాడు.

పంతానికో అలవాటుకో, ఆమె ఆపలేదు.

ఇరవయ్యో రోజు కలలో ఈరక్క పట్టాల పక్కన నిలబడి చేతిని చూసుకుంది. కాలిన మచ్చ లేదు. ఇది కల అని తెలిసిపోయింది. గొంతు పెగిలింది. "ఏమయ్యా, ఇట్ల చూడు" అని పిలిచింది.

కుళ్లాయప్ప వెనక్కి తిరిగాడు. గొర్రెపిల్లను చంకనెత్తుకొని, పట్టాలు దిగి ఆమె దగ్గరికి నడిచి వచ్చాడు. ఆమె అతని చెంపలు తడిమి చూసుకుంది.

తెల్లారి ఎండ మొహాన పడేదాకా నిద్రపోయింది.

ఆ మాట చెప్పాలని, అన్నదానికి క్షమించమని అడగాలని, చెనిక్కాయలు మూటగట్టుకొని ధర్మవరం బస్సెక్కింది. ముగ్గురిని అడిగితే ఇల్లు దొరికింది.

ఆయన భార్య లక్ష్మీదేవమ్మ గడప దగ్గర బియ్యం ఏరుతోంది. ఆయన పోయి పదైదు దినాలైందని చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఆ కడపటి గడియలో మంచం పట్టెను రెండు చేతులా పట్టుకొని లాగుతూనే ఉన్నాడట. వేళ్లు విడదీయడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చిందట.

ఈరక్క అరుగు మీద కూలబడింది. అయివారు తనకు చేసిన మేలు, తాను పదిమందిలో పొమ్మన్నది అంతా చెప్పుకొని ఏడ్చింది.

లక్ష్మీదేవమ్మ చేట పక్కన పెట్టి ఆమె వైపు తిరిగింది.

"నువ్వు కుళ్లాయప్ప పెండ్లామా?"

ఈరక్క ఏడుపు ఆగిపోయింది. "ఆ పేరు నీకెట్ల తెలుసమ్మా?"

"రోజూ నిద్రలో ఆ పేరే పిలుస్తాండె. కలలోనన్నా ఒక్కసారి బండి నిలబెట్టల్ల అని రెండేండ్లు పగలంతా అదే తల్చుకుండె. నిలబడలేదు. ఆయన అయివారు కాదు తల్లీ, ఆ పొద్దు నీ మొగుని మీదికి వచ్చిన రైలును నడిపింది ఆయనే."