వల లేని వైపు

"ఆ ఫోను పక్కన పెట్టు పాపా. ఆట దిక్కు సూడు. బంతి ఎప్పుడొచ్చాదో తెలీదు."

కువైట్‌లోని ఎగైలాలో బేస్‌బాల్ మైదానం, శుక్రవారం సాయంత్రం. కొడుకు మ్యాచ్ చూడ్డానికి కూతురు అక్షయతో వచ్చిన రామ్మోహన్‌కి ఆ మాట వినడం ఇది మూడోసారి.

అన్నది మాసిన చొక్కా మనిషి. పేరు పెంచల్. ప్రతి వారం బెంచీల వెంట తిరుగుతూ అందరికీ ఇదే పాట.

గ్రౌండు ఊడ్చేవాడికి ఇంత పెత్తనమా! రామ్మోహన్‌కి ఒళ్ళు మండింది.

"సార్, ఈడ బంతిని ఆపే వల లేదు. పాపను ఆ వల ఎనక్కి కూచోబెట్టండి."

"నీ పని నువ్వు చూసుకోవయ్యా! మా పిల్ల సంగతి మాకు తెలుసు."

పెంచల్ మొండిఘటం. కదలకుండా అక్షయ పక్కనే నిలబడ్డాడు.

రామ్మోహన్ కూడా ఫోన్ తీసి ఆఫీసు మెసేజ్‌లో తల దూర్చాడు.

ఠప్‌మని బ్యాటు మోగింది. వెంటనే అక్షయ కేక.

తలెత్తితే ఏముంది! పదేళ్ళ కూతురు నేల మీద. ఆ పిల్ల మీద వాడు.

"ఒరేయ్!"

కాలర్ పట్టి లేపాడు. చెంప మీద ఒకటి, మూతి మీద ఇంకొకటి. పన్ను ఊడి పడింది. కూలబడినవాణ్ణి డొక్కలో తన్నాడు. కోపానికి కళ్ళెక్కడివి? మిగతా తండ్రులూ పరుగెత్తుకొచ్చి తలా ఒకటి వేశారు.

పెంచల్ చెయ్యయినా అడ్డం పెట్టుకోలేదు.

"పాపకు... తగల్లేదు కదా సార్?"

"కొట్టకు నాన్నా!" అక్షయ వెక్కుతూ అరిచింది. "బాల్ నా మీదికొస్తుంటే అడ్డం పడ్డాడు!"

రామ్మోహన్ కాలు ఆగిపోయింది. పక్కనే నెత్తురంటిన బంతి. పెంచల్ కణత నల్లగా వాచి ఉంది. చెవిలోంచి రక్తం.

అంబులెన్సు వచ్చేలోపే ప్రాణం పోయింది. బంతి చంపిందో, తాను చంపాడో! రామ్మోహన్ నెత్తి కొట్టుకుని ఏడ్చాడు.

పెంచల్ గదిలోనే ఉండే లాల్ బాషా కబురు తెలిసి పరుగున వచ్చాడు.

"ఈ గ్రౌండులో ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నాడు?" అడిగాడు రామ్మోహన్.

"ఈడ వానికి పనేముంది సార్! సులైబియా గోడౌన్లో మూటలు మోస్తాడు. లీవు దినం బస్సెక్కి ఈడికొచ్చేది, అంతే."

"ఎందుకు?"

లాల్ బాషా కళ్ళు తుడుచుకున్నాడు.

"ముందటేడు ఈడనే, పనిచేసే ఇంటి మేడమ్ బిడ్డకు అన్నం తినిపిస్తా, ఆటకు వీపు పెట్టి కూచోని, బంతి తగిలి సచ్చిపోయిన రెడ్డెమ్మ వాని పెండ్లామే సార్."