కోళ్లాయన

2008 మే ఆరో తారీఖు పొద్దున గంగాధరరావు తిన్నది నూకల జావ, నిమ్మకాయ ఊరగాయ బద్ద.

అదీ ఆసుపత్రి వార్డులో, మంచం పక్కన, భార్య శేషారత్నం తాగగా గ్లాసులో మిగిలింది.

టైఫాయిడ్ వచ్చిన దగ్గర్నుంచీ ఏం పెట్టినా ఆవిడకి కడుపులో నిలవడం లేదు. ఈ జావ ఒక్కటే నిలుస్తోంది.

"ఎవరు పంపిస్తున్నారమ్మా ఇది?" అని ఆయా విక్టోరియాని అడిగాడు.

"ఒకాయన కాచి నా చేతికిచ్చి వెళతారండి, వార్డు మొత్తానికి. పేరు చెప్పొద్దంటారు."

"మహానుభావుడు," అనుకుంటూ గ్లాసు కడిగి పెట్టి, స్కూటరు తీసి డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆయన తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు గుమస్తా. గేటు దగ్గర నూకలు చిల్లరగా అమ్మేదీ ఆయనే.

నూకలు వండుకు తినేవాళ్లెవరూ ఆ మాట పైకి అనరు. "కోళ్లకండి" అంటారు. "కోళ్లకా, సరే" అని గుమస్తా తూచి ఇస్తాడు. ఆ గేటు దగ్గర అదొక మర్యాద.

రోజు విడిచి రోజు ఒక పెద్దాయన వచ్చేవాడు. ఇస్త్రీ చొక్కా, పాత సైకిలు, కారియర్ మీద మడిచిన గోనెసంచి. ఆయనదీ అదే మాట. కాకపోతే అందరూ రెండు కేజీలు పట్టుకెళితే ఆయన సంచి నిండా పట్టుకెళ్లేవాడు. మిల్లులో అందరికీ ఆయన కోళ్లాయన.

ఆ పొద్దున మిల్లు ఓనరు జగ్గారావు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"చిల్లర అమ్మకం ఇవాళ్టితో ఆపెయ్ గంగాధరం. నూకలు ఎన్నున్నా కోళ్ల ఫారాలవాళ్లు లారీలకి ఎత్తుకుపోతామంటున్నారు."

"వాళ్లు వేసేది మొక్కజొన్న కదండీ?"

"మొక్కజొన్నలోంచి స్పిరిట్ తీసి అమెరికాలో పెట్రోల్లో కలుపుతున్నారంట. ఇక్కడా రేటు మండిపోతోంది. మొక్కజొన్న అందక కోడి నూకల మీద పడింది. తవుడు చూశావుగా, కలిదిండి చేపల చెరువులకే చాలట్లేదు, ఇంక గేదెలకేం మిగులుతుంది?"

"మరి మన గేటు బేరాలండీ?"

"వాళ్లూ కోళ్లకేగా కొనేది," అని నవ్వాడు జగ్గారావు. "ఆ కోళ్లు తినేది ఈ కోళ్లు తింటాయి."

అప్పుడే కోళ్లాయన సంచి నింపుకుని తూకానికి తెచ్చాడు.

ఓనరు చూస్తున్నాడు. గంగాధరరావు గొంతు పెంచాడు.

"ఏమయ్యా, ఎన్ని కోళ్లు నీకు?"

"నలభై దాకా అండి. ఒకరోజు పెరుగుతాయి, ఒకరోజు తగ్గుతాయి."

"గుడ్లు పెడతాయా?"

"లేదండీ. లేచి తిరిగితే చాలండి."

హమాలీలు నవ్వారు.

"ఇక్కడ కొని ఫారాలకి అమ్ముకుంటున్నావు. నా దగ్గరా నీ వేషాలు?"

గంగాధరరావు సంచి లాక్కుని, అందరూ చూస్తుండగా నూకలు మళ్లీ రాశిలోకి దిమ్మరించాడు.

కోళ్లాయన ఖాళీ సంచి దులిపి, నాలుగు మడతలు పెట్టి, కారియర్‌కి బిగించాడు.

"మధ్యాహ్నం ఆసుపత్రికి వెళతారు కదండీ, తలకి ఏదైనా చుట్టుకుని వెళ్లండి బాబూ. ఎండ మహా చెడ్డగా ఉంది," అన్నాడు.

"నా సంగతి నీకెందుకు, వెళ్లవయ్యా."

ఓనరు మెచ్చుకోలుగా తల ఊపాడు.

రెండు రోజులకి వార్డులో జావ ఆగిపోయింది.

హోటలు ఇడ్లీ శేషారత్నానికి ఇమడలేదు. గంగాధరరావు ఇంట్లో సన్నబియ్యం మిక్సీ పట్టి కాచాడు. అడుగంటింది. ఆవిడ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. చెయ్యి ఎత్తితే గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"ఆ జావ రాలేదా అండీ?" పూటపూటకీ అదే మాట.

చివరికి విక్టోరియా చెప్పింది.

"ఇంక రాదండి. ఆయనకి మిల్లు దగ్గర నూకలు ఇవ్వలేదంటండి. వేరే మిల్లు వెతుక్కుంటూ పెంటపాడు వైపు సైకిలు తొక్కుకుంటూ వెళ్లి దారిలో పడిపోయారు. వడదెబ్బండి. నిన్న సమాధి చేసేశారు."

గంగాధరరావు గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎవరమ్మా ఆయన?"

"వరదానం గారని, స్కూలు మేస్టారుగా చేసి రిటైరయ్యారు. వాళ్లావిడ ఈ వార్డులోనే పోయిందండి. ఆఖరి పూట కాస్త జావ అడిగితే ఎక్కడా దొరకలేదంట. అప్పట్నుంచీ కాస్తున్నారు."

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి గంగాధరరావు స్కూటరు మీద నూకల బస్తా పెట్టుకుని, విక్టోరియా చెప్పిన గుర్తుల మీద చర్చి వెనక వీధికి వెళ్లాడు.

అరుగుకి ఆ సైకిలు ఆనించి ఉంది. కారియర్ మీద ఆ సంచి, అలాగే నాలుగు మడతల్లో.

వరదానం కూతురు దేవకుమారి బయటికొచ్చింది.

"అమ్మా, నేను..."

"తెలుసండి. మిల్లు గుమస్తా గారు. మీ ఆవిడ గారిది కిటికీ పక్క బెడ్డు. ఎలా ఉన్నారండి ఇప్పుడు?"

ఆయన బస్తా దింపి గుమ్మంలో పెట్టాడు.

"జావ ఇచ్చి వెళ్లేటప్పుడు నాన్న కిటికీలోంచి చూసేవారండి. ఆవిడ తాగింది, మిగిలింది ఆయన తాగాడమ్మా, అని ఇంటికొచ్చి చెప్పేవారు."

"నాతో ఒక్క మాట అనుంటే..."

దేవకుమారి బస్తా లోపలికి లాక్కుంది. "పొద్దున్నే కాచి పంపిస్తానండి, ఆవిడకి చెప్పండి."

గంగాధరరావు తల వంచుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నేనూ అన్నానండి చెప్పమని. 'వద్దమ్మా, పెళ్లాం తాగేది తను కోళ్లకని తూచిన నూకలేనని తెలిస్తే ఆ మనిషి మన ముందు తలెత్తుకోలేడు' అన్నారు నాన్న," అని దేవకుమారి, ఆయన తల ఎత్తకముందే, చప్పుడు కాకుండా రాత్రికి తలుపు వేసుకుంది.