భుజం మీది తువ్వాలు

"నోటీసు ఇస్తే డబ్బు వస్తుందా అండీ?" బసవమ్మ అడిగింది.

"ఎందుకు రాదమ్మా?" అన్నాడు ప్లీడరు ప్రభాకరరావు. "నీ కాయలు అమ్మిపెట్టి కమీషన్ తీసుకున్నాక నీ సొమ్ము ఆపే హక్కు దశరథరామయ్యకి లేదు. సరుకు కుళ్ళిందని ఢిల్లీ నుంచి టెలిగ్రాం వచ్చిందన్నాడుగా, అది చూపించమందాం. ముందు నోటీసు. లొంగకపోతే, అతనికి లైసెన్సు ఇచ్చిన మార్కెట్ కమిటీకి అర్జీ. అప్పటికీ లొంగకపోతే దావా."

బసవమ్మకి ప్రాణం లేచొచ్చింది. ముసునూరులో భర్త మిగిల్చిపోయిన బంగినపల్లి తోట తాకట్టులో ఉంది. వానలు పడేలోగా బాకీ తీర్చకపోతే అది ఇక ఆమెది కాదు.

బయటికి రాగానే మరిది రాయప్ప గొంతు తగ్గించాడు.

"ఈయన్ని నమ్మకు వదినా. దశరథరామయ్య ఇంట్లో పెళ్ళికి ముందు వరసలో కూర్చున్నది ఈయనే."

"నిజమా?"

"నా కళ్ళతో చూశా. నోటీసు సంగతి సాయంత్రానికల్లా అక్కడికి చేరిపోదూ?"

"పోనీ, మార్కెట్ కమిటీకి..."

"అందులో ఉన్నదంతా ఎవరు? ఆయన మనుషులే."

"దావా వేస్తే?"

"అది తేలేదాకా తోట నిలుస్తుందా?"

బసవమ్మ ఉసూరుమంది. దారిలో సోడా కొట్టువాడు తలెత్తి చూసినా, వాడూ దశరథరామయ్య మనిషేనేమో అనిపించింది.

ఆ అనుమానం ఇవాళ్టిది కాదు. నూజివీడు మార్కెట్లో ధర నోటితో చెప్పరు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి తేల్చుకుంటారు. రైతుకి కనిపించేవి మొహాలు మాత్రమే. తన కాయకి తువ్వాలు కింద ఎంత పలికిందో, పైకి ఎంత చెప్పారో ఆ దేవుడికే తెలియాలి. బేరం ముగియగానే దశరథరామయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకునేవాడు. మళ్ళీ బేరం వచ్చేదాకా అది అక్కడే.

"నాకు నువ్వే దిక్కు రాయప్పా. ఏం చెయ్యమంటావు?"

"రాజీ పడదాం. సగమైనా చేతికొస్తుంది. ముందు వడ్డీ కట్టి గడువు అడుగుదాం."

సీజన్ అయిపోయి కొట్టు ఖాళీగా ఉంది. ఒక్క కాయ లేదు. దశరథరామయ్య తువ్వాలు భుజాన వేసుకుని తీరిగ్గా కూర్చున్నాడు.

"నష్టం నాదే బసవమ్మా. అయినా ఆడమనిషివి, నీ ఉసురు నాకెందుకు?" అంటూ సగం డబ్బు ముందుకు తోసి, ఇక బాకీ లేదన్న కాగితం పెట్టాడు.

ఆమె రాయప్ప వైపు చూసింది.

"వేలిముద్ర వెయ్యి వదినా. నేనున్నాగా," అన్నాడు రాయప్ప.

వేసింది. డబ్బు కొంగున ముడేసుకుంటుంటే ఏడుపు ఆగలేదు. "నువ్వే లేకపోతే వీళ్ళు నన్ను నమిలి మింగేవాళ్ళు రాయప్పా," అంది.

"నువ్వు నడుస్తూ ఉండు. ఇంకేం మెలిక పెట్టకుండా ఒక మాట చెప్పొస్తా."

నాలుగడుగులు వేశాక కొట్లో మర్చిపోయిన గొడుగు గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. దశరథరామయ్య భుజం మీద తువ్వాలు లేదు.

అది రాయప్ప చేతిని కప్పి ఉంది.