మాట వినని నెత్తురు

జ్వరాన్ని దాచిపెట్టి పనికి పోయిన అన్నయ్య మీద చెల్లెలికి ఇంకా కోపం చల్లారలేదు. అతను వార్డులో ఒళ్లు తెలియకుండా పడి ఉన్నా, మాస్కు వెనక పళ్లు నూరుతూనే ఉంది. "చెబితే వింటేగా నువ్వు" అంది. అంతలో, జ్వరం ముదిరి దెబ్బతిన్న అతని కిడ్నీల కోసం పెట్టిన డయాలసిస్ మిషను, మంచం పక్కన రొద పెడుతున్నది కాస్తా ఠక్కున ఆగిపోయింది. ఆమె నర్సును కేకేసింది.

నర్సు పరుగున వచ్చి గొట్టం విప్పింది. లోపల నెత్తురు గడ్డకట్టి, నల్లగా ముద్దలా జారింది.

"మళ్లీనా?"

"నెత్తురు పలచబడే మందు ఇస్తూనే ఉన్నామమ్మా. ఈ వైరసుకి ఒళ్లంతా లోపల వాచిపోయింది. నెత్తురు మాట వినడం లేదు."

"పొద్దుట్నుంచీ ఇదే పాట. పెద్ద డాక్టర్ని పిలవండి."

నర్సు కొత్త గొట్టం కోసం వెళ్లింది. చెల్లెలు విసురుగా దుప్పటి సర్దబోయి ఆగిపోయింది. సాయంత్రం తను తుడిచినప్పుడు బాగానే ఉన్న పాదం. ఇప్పుడు బొటనవేలు నెత్తురందక బొగ్గులా నల్లబడింది. పక్క వేలు అప్పుడే కమిలిపోతోంది.

ఆ వేళ్లను గుప్పిట్లో బిగించి కసిగా రుద్దింది. "ఇక చాలు, ఆగు. వీడు నా అన్న" అంది, ఎవరితోనో తనకే తెలియకుండా.

గుప్పిట్లో వేళ్లు మరింత చల్లబడ్డాయి. విప్పి చూడ్డానికి ఆమెకు చెయ్యి రాలేదు.