పెదాలు కలవని మాట

సాయంత్రం నాలుగింటికి తెర మీద వ్యోమనౌక తలుపు మూసుకుంది. లోపలున్న తండ్రి ఇక భూమికి రాడు. కింద కూతురు ఏడుస్తోంది.

ఆ తండ్రికి గొంతు అరువిస్తున్న డబ్బింగ్ కళాకారుడు మైకు ముందు మళ్ళీ అదే తప్పు చేశాడు. "వెళ్ళొస్తానమ్మా."

అద్దం అవతల రికార్డు చేస్తున్నది ఆయన సొంత కూతురే. "నాన్నా, 'వెళ్తున్నానమ్మా' అని ఉంది. అతను తిరిగి రాడు."

"రానని కన్నబిడ్డ మొహం మీద ఎవడు చెప్తాడే?"

"పెదాలు కలవట్లేదు."

"నలభై ఏళ్ళుగా కలుపుతున్నా. నువ్వు మీట నొక్కు."

ఈసారీ అదే అన్నాడు.  ఆమె తలూపి, ఆ మాటే ఉంచేసింది.

రేపు ఉదయం ఎనిమిదింటికి ఆయనకు ఆపరేషన్. క్యాన్సర్ సోకిన స్వరపేటికను పూర్తిగా తీసేస్తారు.