నీళ్లెవరు మోస్తారు?

2007 మార్చిలో అంతర్జాతీయ అభివృద్ధి ఎమ్మే క్లాసు ఫీల్డ్ విజిట్‌కని నాచారం బస్తీకొచ్చి, శ్యామలమ్మ ఇంటి ముందు ఆగింది.

ఎకనామిక్స్ సార్ నీళ్ల డ్రమ్ము ధర అడిగారు. ఇంజినీరింగ్ సార్ ఎండిన నల్లా తిప్పి చూశారు. సోషియాలజీ మేడం, "ఇదొక్కటి నువ్వడుగు," అని స్టూడెంట్ స్రవంతిని ముందుకు తోశారు.

స్రవంతి తల దించుకుంది. "మీ ఇంట్లో నీళ్లెవరు మోస్తారండీ?"

"నేనే మేడం," అంది శ్యామలమ్మ. "బిడ్డ సదువుకుంటది."

అందరూ రాసుకున్నారు.

బయల్దేరుతుంటే శ్యామలమ్మ లోపల్నుంచి టిఫిన్ డబ్బా తెచ్చి స్రవంతి చేతిలో పెట్టింది. "పొద్దుగాల మా బిడ్డ మర్సిపోయింది. మీ యూనివర్సిటీలనే సదువుతది. కనవడితే ఇయ్యుండ్రి మేడం."

"అమ్మాయి పేరేంటి?" అని సోషియాలజీ మేడం అడిగారు.

శ్యామలమ్మ గుమ్మం వైపు తిరిగింది.

"స్రవంతి," అని స్రవంతే చెప్పింది.