ముత్యం ఎక్కాల్సిన బండి

గుర్రం నిలబడాల్సిన చోటే బండి నేలపలకను ఎవరో రంపంతో సగం మందం దాకా కోసేశారు.

రుక్మిణమ్మ వంగి కోతను వేలితో తడిమింది. కొత్త రంపపు పొట్టు వేలికి అంటుకుంది.

"అమ్మో! చూసుకోకపోతే ముత్యం కాలు దీంట్ల దిగవడుతుండె," అన్నాడు గుర్రాన్ని చూసుకునే అంజన్న. "కాలిరిగిన గుర్రాన్ని ఏం జేస్తరమ్మా? తుపాకీతోని కాలుస్తరు."

జహనుమాలోని రుక్మిణమ్మ ఇంటికి అన్నం పెట్టేది ముత్యమే. మల్లెపువ్వులాంటి పెళ్లి గుర్రం. ఈ సాయంత్రం దాని మీద భువనగిరిలో పెళ్లికొడుకు ఊరేగాలి. అంత దూరం నడిపిస్తే గుర్రం కూలబడుతుంది. అందుకే గుర్రాన్ని ఎక్కించి లారీ వెనక తగిలించే బండి కావాల్సి వచ్చింది. బహదూర్‌పురాలో వడ్రంగి వీరాచారి కొత్తగా చేసి పెట్టిన బండి ఒకటుంది. నవాబుగారి దేవిడీ భవంతిలో అమ్మకానికి పెట్టిన పాతది ఇంకొకటి. రుక్మిణమ్మ పాతదే మెచ్చి, నిన్న సాయంత్రం వాకిట్లోకి తెప్పించింది. దేవిడీ లెక్కలు చూసే మున్షీ గఫూర్ సాబ్ అది పక్కా టేకు అని ఒట్టేసి మరీ చెప్పాడు.

ఇప్పుడు బండి డబ్బుకు వచ్చిన అదే మున్షీ తెల్లబోయి నిలబడ్డాడు. "అల్లా కసమ్ అమ్మా! నిన్న మా దేవిడీ నుంచి సహీ సలామత్ వచ్చింది. గుర్రం జాన్ తీయాలని ఎవడో..."

"జాన్ తియ్యాలనుకున్నోడు కింది నుంచి కోస్తడు మున్షీ సాబ్," అంది రుక్మిణమ్మ నిబ్బరంగా. "వీడు పైనుంచి కోసిండు. పొట్టు గూడ ఊడ్వలే. నేను చూడాల్నని, చూసి ఈ బండి వద్దనాల్నని కోసిండు."

"గట్లెవడు చేస్తడమ్మా?" అన్నాడు అంజన్న.

"ఇటు రా అంజన్నా. కోత పొంటి ఏం గనవడుతుంది?"

అంజన్న కళ్లు చికిలించాడు. "పెన్సిలు గీత."

"దొంగపని జెయ్యనీకొచ్చి గూడ మూలమట్టం పెట్టి, గీత గీసుకొని కోసేటోడు ఎవడు?"

"వడ్లాయన!"

"సైకిలేస్కొని పో. వీరాచారిని పట్కరా. రంపం గూడ తెచ్చుకోమను."

గేటు బయట లారీ హారన్ మోగింది. అఫ్జల్‌గంజ్ నుంచి వచ్చిన డ్రైవర్ అప్పటికే రెండు చాయ్‌లు తాగేశాడు. రుక్మిణమ్మ మూడోది పంపించింది. ఆమెకు తొందరేమీ లేదు. దొంగ ఎవడో తేలిపోయింది.

వీరాచారి వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, చెవి మీద పెన్సిలు. కోసిన పలక వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"చూడవేంది చారీ? నీ పనే గద."

ఆయన తల దించుకున్నాడు. "నా పనే అమ్మా."

మున్షీ నోరు తెరిచాడు. రుక్మిణమ్మ నవ్వింది. "నీ కొత్త బండి అమ్ముకోవాల్నని?"

"అవునమ్మా. ఆశ పుట్టింది. పోలీసులకు పట్టియ్యి, పోత. గుర్రాన్ని మాత్రం దీంట్ల ఎక్కియ్యకు. నా బండి ఊకనే తీస్కపో."

"ఊకనే ఇచ్చేటోనికి ఆశ యాడిదయ్యా?" ఆ మాట అన్నాక రుక్మిణమ్మ ఒక్క క్షణం ఆగింది. కానీ లారీ మళ్లీ మోగింది. "నిన్న గూడ బండి చుట్టు తిరిగి 'దీన్ని నమ్మకమ్మా' అన్నవు. ఎందుకంటే నోరిప్పలే. నాకెర్కలేదనుకున్నవా? ఈ బండి వెనక తలుపు మీద చెక్కిన చిలుక బొమ్మ ఉంది. నీ కొత్త బండి మీద గూడ అదే చిలుక. నకలు గొట్టెటోనికి అసలు మీద కుళ్లుంటది గద!"

 

"అంజన్నా, కోత మీద మందం చెక్క పర్చు. ముత్యాన్ని ఎక్కియ్యి."

"అమ్మా, వద్దు!"

"నువ్వు సప్పుడు జెయ్యకు."

అంజన్న చెక్క పరిచాడు. కళ్లెం పట్టుకుని ముత్యాన్ని బండి వాలు మీదికి నడిపించాడు. ముందు గిట్ట పలక మీద పడింది. చెక్క కింద ఎక్కడో లోపల కిర్రుమంది. ముత్యం చెవులు వెనక్కి వాల్చి ఆగిపోయింది.

"చల్ బేటీ," అన్నాడు అంజన్న.

రెండో గిట్ట లేచేలోపు వీరాచారి చేతిలోని రంపం నేల మీద పడింది. ఆయన అడ్డంగా ఉరికి రెండు చేతులతో కళ్లెం పట్టుకుని, ముత్యాన్ని బలంకొద్దీ వెనక్కి దించాడు.

"కోత మూసినంక గూడ భయమేంది? ఆశేనని ఒప్పుకొని తప్పించుకుందామనుకున్నవా?" రుక్మిణమ్మ గొంతు పెంచింది. "అసలు సంగతి చెప్పు!"

ముసలాయన ముత్యం మెడకు నుదురు ఆనించాడు. ఇటు తిరగకుండానే చెప్పాడు.

"ఆ చిలుక నకలు గాదమ్మా, నా గుర్తు. ఇరవై ఏండ్ల కింద ఈ బండి చేసింది నేనే. టేకుకని పైసలు తీస్కొని, పైన మాత్రం టేకు పలకలు పరిచిన... కింద పుచ్చిపోయే మామిడి దూలాలకు తారు పూసి నవాబుకు అంటగట్టిన!"